తెరత్త చేతి తాడు

ఆవిడకు కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది. అది ఓటర్ల జాబితాలో తప్ప మరెక్కడా బతికి లేదు. ఊరందరికీ ఆవిడ తెరత్త. నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లలకూ తెరత్తే, ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకూ తెరత్తే. సముద్రం ఒడ్డున, ఒకప్పుడు వలలు దాచుకున్న గిడ్డంగిని బాగుచేసి ఊరివాళ్ళు కళామందిరం అని పేరు పెట్టుకున్నారు. అందులో తెర లాగడం ఆవిడ పని. ముప్ఫై రెండేళ్ళుగా లాగుతోంది. ఆ పనికి జీతం లేదు, సెలవూ లేదు. అధికారం మాత్రం ఉంది. ఎవరి నాటకం ఎప్పుడు మొదలవ్వాలో, ఎవరి పాట ఎక్కడ ఆగాలో, ఎవరి ఉపన్యాసం ఏ ముక్క దగ్గర తెగాలో ఆవిడ గుప్పిట్లో ఉండేది. ఊరి పెద్దమనుషుల్లో చాలామంది ఆ గుప్పిట చూసి నవ్వు ముఖం పెట్టినవాళ్ళే, లోపల పళ్ళు నూరుకుంటూ.

అసలు ఆ తెర ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకోవాలి. తెరత్త మొగుడు తెరచాపలు కుట్టేవాడు. దబ్బనం పట్టుకుంటే ఆయన చేతికి అడ్డు లేదు. పడవలకు ఇంజన్లు వచ్చాక తెరచాపల మొహం చూసేవాడు లేకపోయాడు. గుడ్డ తానులు పాకలో పడి ఉన్నాయి, ఆయన వాటి పక్కన గడ్డం పట్టుకుని కూర్చున్నాడు. మూడు నెలలు చూసి చూసి ఆవిడకు ఒళ్ళు మండింది.

"గాలిని పట్టిన గుడ్డ నాలుగు మాటల్ని పట్టదా? లే. కొత్త హాలుకు తెర లేదట, కుడదాం" అంది.

అరచేతులకు తోలు కట్టుకుని, నలభై రోజులు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కుట్టారు. తెర బూడిదరంగులో, తారు వాసనతో, కింద ఓ మూల ఎప్పటిదో పడవ నంబరుతో తయారైంది. పువ్వులు గీస్తానని రంగుల మేస్త్రి వస్తే మొగుడు గుమ్మంలోంచే పంపేశాడు. పాత పడవల నుంచి ఒక కప్పీ, లంగరు తాడు తెచ్చి వేలాడదీశాడు. రెండేళ్ళు ఆయనే లాగాడు. ఆయన పోయాక, తాడు ఎవరికివ్వాలని హాలు చూసుకునే కళా సంఘంవాళ్ళు చర్చ పెట్టుకుంటే, ఆవిడ పిలవకుండానే వెళ్ళి నిలబడింది.

"ఈ తెర సగం ఆయన కుట్టాడు, సగం నేను కుట్టాను. ఆయన సగం కూడా ఇప్పుడు నాదే. ఇంకేమైనా చర్చ ఉందా?"

లేదన్నారు. ఆ తాడు ఎవరు పడితే వాళ్ళు లాగేది కూడా కాదు. సముద్రం మీంచి తేమ గాలి తిరిగితే తాడు ఉబ్బి కప్పీలో బిగుసుకుంటుంది. అప్పుడు ముందు కాస్త వదిలి, దానికి ఊపిరి తీసుకోనిచ్చి, తర్వాత లాగాలి. బలం చూపించిన మగవాళ్ళు ఇద్దరు నడుము పట్టేసి ఇంటికి మోయించుకున్నారు.

తెరత్త నిలబడే చోటు రంగస్థలానికి ఎడమపక్క, గోడకూ తెరకూ మధ్య ఉన్న మూడడుగుల సందు. అక్కడి నుంచి జనం కనబడరు. అందుకని ఆవిడ చెవులతో చూడటం నేర్చుకుంది. హాల్లో నూట ఇరవై ఇనప మడత కుర్చీలున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టి, మనిషి కదిలితే చాలు, కిర్రుమంటాయి. ఒక కుర్చీ కిర్రుమంటే ఎవరికో కాలు తిమ్మిరెక్కినట్టు. ఐదు కిర్రుమంటే వేదిక మీదివాడు చెప్పిందే మళ్ళీ చెబుతున్నట్టు. పది దాటాయంటే ఇక వాడు దేవుడైనా సరే, తెర పడాల్సిందే. దీపస్తంభం కాపలాదారు ఏటా తన కవితలు చదువుతాడు. అన్నీ దీపం గురించే. ఆయన పన్నెండో దీపం వెలిగించబోతుండగా తెర పడిందంటే, తప్పు తెరత్తది కాదు, కుర్చీలది.

ఆవిడకు ఒక చట్టం కూడా ఉండేది. తెర తెరిచి ఉన్నంతసేపు ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు. మొదటి ఏడాది జనం ఇష్టమొచ్చినట్టు లేచిపోయేవారు. సముద్రానికి పోటు వచ్చింది, పడవ దింపాలని ఒకడు, పొయ్యి ఆర్పలేదని ఒకతె. ఒకరోజు నాటకం మంచి పట్టులో ఉండగా పడవల వడ్రంగి చెప్పులు టపటపలాడించుకుంటూ లేచాడు. తెరత్త సందులోంచి తల బయటకు పెట్టింది. వేదిక మీద ఏడుస్తున్న రాజకుమారిని, "నువ్వు కాసేపు ఆగమ్మా" అని ఆపింది.

"ఏరా, నీ పెళ్ళి చూపుల్లో కూడా ఇలాగే మధ్యలో లేచి పారిపోయావు. అప్పుడు మీ నాన్న పట్టుకొచ్చాడు. ఇప్పుడు నన్ను రమ్మంటావా?"

హాలంతా పగలబడి నవ్వింది. వడ్రంగి పెళ్ళాం అందరికన్నా ముందు నవ్వింది. ఆ దెబ్బకు వడ్రంగి కూర్చున్నవాడు ముప్ఫై ఏళ్ళు మళ్ళీ లేవలేదు. ఊళ్ళో ఇంకెవరూ లేవలేదు. తెర తెరిచి ఉండగా లేవడమంటే, వీధిలోకి బట్టల్లేకుండా వచ్చినంత తప్పని పిల్లలకు కూడా తెలిసిపోయింది. అలాగని తెరత్త వాళ్ళను చంపుకు తినలేదు. కూర్చోమన్న మనిషే లేపాలి కూడా అని ఆవిడ లెక్క. జనం ఆవిడ మాట మీద కూర్చునేవారు, ఆవిడ వాళ్ళ ఓర్పు చూసి తెర మూసేది. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు గానీ, ఆ ఊళ్ళో అంత బాగా నడిచిన ఒప్పందం ఇంకోటి లేదు.

దాన్ని చెడగొట్టింది సొంత మరిదే.

మరిది, అంటే మొగుడి తమ్ముడు, ఓడరేవు కార్యాలయంలో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళ మధ్య నోరు మూసుకుని కూర్చున్నవాడికి, రిటైరయ్యాక అన్ని మాటలూ ఒక్కసారిగా వచ్చాయి. ఇంట్లో వినేవాళ్ళు దొరక్క కళా సంఘానికి అధ్యక్షుడయ్యాడు. పోయిన ఏడాది వార్షిక నివేదిక అని ఇరవై ఆరు అంశాలు రాసుకొచ్చాడు. పదకొండో అంశం 'కుర్చీల తుప్పు, నివారణ మార్గాలు'. అది మొదలుపెట్టగానే ఆ కుర్చీలే అన్నీ కలిసి సమాధానం చెప్పాయి. తెరత్త తాడు లాగింది. తెర వచ్చి ఆయన్ని సరిగ్గా సగానికి పట్టుకుంది. ముక్కూ కళ్ళజోడూ జనం వైపు, కాగితాలు పట్టుకున్న చేతులు లోపల వైపు.

"వదినా! ఇంకా పదిహేను అంశాలున్నాయి!" అన్నాడు తెర మడతల్లోంచి.

"ఉండనీవయ్యా, వచ్చే ఏడాదికి పనికొస్తాయి."

జనం నవ్వుకుంటూ ఇళ్ళకు పోయారు. మరిది మాత్రం మర్చిపోలేదు. రెండు రోజులు కంచం ముందు కూర్చుని కూడా అలిగాడట. అది చెప్పింది ఆయన పెళ్ళామే. తోటికోడళ్ళిద్దరూ బయటికి ఎడమొహం పెడమొహంలా కనిపించినా, పెరటి గోడ మీద మోచేతులు ఆనించి మాట్లాడుకోని రోజు లేదు.

ఓ ఉదయం ఆ గోడ మీదే కొత్త కబురు వచ్చింది.

"అక్కా, నేను చెప్పానని మాత్రం చెప్పకు."

"మీ ఇంటి సంగతి నువ్వు చెప్పకపోతే గోడ చెబుతుందా? కానివ్వు."

"మీ మరిది మోటారు తెప్పిస్తున్నారు."

"దేనికి? బావికా?"

"తెరకి. మీట నొక్కితే తెరుచుకుంటుందట, మళ్ళీ నొక్కితే మూసుకుంటుందట. ఆ మీట ఆయన జేబులోనే ఉంటుందట."

తెరత్త గోడ మీంచి మోచేతులు తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. అది చూసి తోటికోడలికి భయం వేసింది. సాయంత్రం మరిది స్వయంగా వచ్చాడు. గుమ్మం దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"వదినా, మీ వయసు దృష్ట్యా సంఘం ఒక నిర్ణయం..."

"నా వయసుతో నీకేం పనయ్యా? నన్నేమన్నా చేసుకుంటావా?"

"అది కాదు వదినా. మీరు ముప్ఫై ఏళ్ళు నిలబడి కష్టపడ్డారు. ఇకనుంచి హాయిగా కూర్చుని చూడండి."

"నేను కష్టపడ్డానని నీకెవరు చెప్పారు? మీ అన్న పోయాక నేను సుఖపడింది ఆ సందులోనే."

ఆ మాట నోరు జారి వచ్చింది. మరిది నిర్ణయం మాత్రం మారలేదు. తాడు పోయిందంటే ఆవిడకు పోయేది ఒక పని కాదు. ఊళ్ళో తెరత్త అనే మనిషే పోయినట్టు. ఇక ఓటర్ల జాబితాలో ఉన్న ఆ పాత పేరు మిగులుతుంది, దాంతో ఎవరికీ పరిచయం లేదు.

మెకానిక్కులు వచ్చి తాడు విప్పిన రోజు ఆవిడే వెళ్ళి దాన్ని చుట్ట చుట్టుకుని, భుజాన వేసుకుని, బజారు వీధిలోంచి తలెత్తుకుని ఇంటికి నడిచింది. మొగుడు కూర్చునే కుర్చీలో పెట్టింది. అంత మంచి తాడు ఊరికే ఉంది కదా, బట్టలు ఆరేసుకోవచ్చు అని తోటికోడలు అనబోయింది. తెరత్త చూసిన చూపుకు తన బట్టలు కూడా ఎక్కడ ఆరేసుకుందో మర్చిపోయింది.

వార్షికోత్సవం ఆదివారం మధ్యాహ్నం మూడింటికి. వెళ్ళనని తెరత్త వారం రోజులు ఊరంతా చెప్పింది. వెళ్ళకపోతే ఇంట్లో కూర్చుని ఏడుస్తోందనుకుంటారని ఆఖరి నిమిషంలో తట్టింది. పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుని, అందరూ చూసేలా మధ్య దారిలోంచి నడిచి, మూడో వరుసలో కూర్చుంది. ముప్ఫై రెండేళ్ళలో ఆ హాల్లో కుర్చీలో కూర్చోవడం అదే మొదటిసారి. ఒక పక్క రొట్టెల కొట్టావిడ, మరో పక్క పడవల వడ్రంగి.

మరిది జేబులోంచి రిమోటు తీసి, చెయ్యి పైకెత్తి నొక్కాడు. మోటారు గుయ్‌మంది. తెర జర్రున తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. తెరత్త కూడా కొట్టింది. మోటారు ఎక్కడా ఆగలేదు, చిక్కుపడలేదు, పొగ రాలేదు. ఆవిడ లోలోపల మొక్కుకున్నవేవీ జరగలేదు.

మొదట పాటల మాస్టారి బృందం పాడింది. తర్వాత చేపల బజారు ఆడవాళ్ళ నాటకం. ఇన్నేళ్ళూ పక్కనుంచి చూసి తెరత్తకు వేషధారుల ఒక చెంపా, ఒక చెవీ తప్ప తెలియదు. ఎండు చేపలమ్మే ఆవిడ రాజు వేషంలో ఎదురుగా వచ్చి నిలబడితే, ఇంత ముఖం ఉందా దీనికి అని నోరు తెరుచుకుని చూసింది. రాజు చచ్చిపోతే కళ్ళు కూడా తుడుచుకుంది. అది వడ్రంగి చూశాడు.

"అత్తా, ఏడుస్తున్నావా?"

"తెర వెనక దుమ్ము అలవాటు. ఇక్కడ దుమ్ము లేక కళ్ళు మండుతున్నాయి. ముందుకు చూడు."

ఆ తర్వాత అధ్యక్షుడు లేచాడు.

కాగితాల కట్ట చూడగానే ముందు వరుస ఉసూరుమంది. ఆ కట్టలో పోయిన ఏడాదివి పదిహేను, ఈ ఏడాదివి ముప్ఫై ఒకటి ఉన్నాయి. మైకు సర్దుకున్నాడు, రిమోటు కోటు జేబులో వేసుకుని పైన ఒకసారి తట్టుకున్నాడు. ఓడరేవుకు మొదటి రాయి వేసినప్పటి నుంచి మొదలుపెట్టాడు. అరగంట గడిచేసరికి ఆ రాయి మీద రెండో రాయి పడింది. గంట గడిచింది. కుర్చీలు కిర్రుమన్నాయి. పది, ఇరవై, ముప్ఫై. తాడు పట్టుకోవడానికి తెరత్త కుడిచెయ్యి దానంతటదే పైకి లేచి, గాలిని పట్టుకుని, తిరిగి ఒళ్ళోకి వచ్చి పడింది.

లేచి వెళ్ళిపోవచ్చు కదా అని వేరే ఊరివాళ్ళు అనుకుంటారు. ఆ ఊరివాళ్ళకు అది రాదు. తెర తెరిచి ఉంది. తెరిచి ఉండగా లేవడం వాళ్ళకు చేతకాని విద్య. నూట ఇరవై మంది, చేతులూ కాళ్ళూ బాగున్నవాళ్ళు, వలలో పడ్డ చేపల్లా నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు.

"అత్తా" అంది రొట్టెల కొట్టావిడ, పెదాలు కదపకుండా. "పిండి కలిపి పెట్టి వచ్చాను. ఈపాటికి పొంగి గిన్నె దాటి బల్ల మీద నడుస్తూ ఉంటుంది."

"నాకెందుకు చెబుతావు? నీ పిండి సంగతి వాడి జేబులో ఉంది."

"పోటు అందకపోతే పడవ రేపటిదాకా దిగదత్తా" అన్నాడు ఈ పక్క నుంచి వడ్రంగి. "నువ్వు లే. నువ్వు లేస్తే అందరం లేస్తాం."

"నేను లేవాలా? ముప్ఫై ఏళ్ళ కిందట నిన్ను కూర్చోబెట్టిన దాన్ని నేనే లేస్తే, రేపు నువ్వే నా మొహాన ఆ మాట కొట్టవూ?"

"కొడతాను" అని ఒప్పుకున్నాడు వడ్రంగి, నిజాయితీగా.

వెనక వరుసలోంచి పాటల మాస్టారు మెడ చాచి, "అత్తా, నాకు అర్జంటు" అన్నాడు. ఏమి అర్జంటో ఎవరూ అడగలేదు. ఆయన మోకాళ్ళు దగ్గరగా పెట్టుకున్న తీరులోనే తెలుస్తోంది.

అందరి చూపులూ ఆవిడ మీదే. ఇటు చూస్తే ఆవిడ పెట్టిన చట్టం. అటు చూస్తే ఆవిడే కూర్చోబెట్టిన జనం. వేదిక మీద మరిది పందొమ్మిదో అంశం తిప్పుతూ వదిన వైపు చూసి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు లేకపోతే తెరత్త ఇంకో అరగంట ఓర్చుకునేదేమో. అది చూశాక అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆవిడ రెండు చేతులతో కూర్చున్న కుర్చీని కింద నుంచి పట్టుకుంది. నడుము వంచింది వంచినట్టే ఉంచి, కుర్చీని వీపుకు అంటించుకుని, ఎండ్రకాయ నడిచినట్టు అడుగులో అడుగు వేస్తూ గుండ్రంగా తిరిగింది. వేదికకు వీపు పెట్టి, తలుపు వైపు ముఖం పెట్టి, కుర్చీని నేలకు ఆనించి, ఒళ్ళో చేతులు పెట్టుకుంది.

"అత్తా, లేచావు!" అన్నాడు వడ్రంగి.

"ఎక్కడ లేచాను? నడుము నిలబడితే లేచినట్టు. నా నడుము నిలబడిందా?"

వడ్రంగి ఆలోచించాడు. నిలబడలేదు. తన కుర్చీ కింద నుంచి పట్టుకున్నాడు.

రొట్టెల కొట్టావిడ తిరిగింది. ఆవిడ వెనకాయన తిరిగాడు. ఇనప కాళ్ళు రాతి నేల మీద గీసుకుంటూ, కీచుమంటూ, మూడో వరుస, నాలుగో వరుస, చివరి వరుస. దీపస్తంభం కాపలాదారు కుర్చీ కాలు విరిగింది, ఆయన మూడు కాళ్ళ మీదే తిరిగాడు. చచ్చిపోయిన రాజు వేషం తీయకుండానే వచ్చి కూర్చున్న ఎండు చేపలావిడ, కత్తి అడ్డం వస్తే నోట కరుచుకుని మరీ తిరిగింది. మాట లేదు, నవ్వు లేదు. లేవడం అసలే లేదు.

ఆఖరికి మొదటి వరుసలో ఒక్క మనిషి మిగిలింది. అధ్యక్షుడి పెళ్ళాం. ఆవిడ మొగుణ్ణి చూసింది, వెనక్కి తిరిగి వందకు పైగా వీపులను చూసింది. "పొయ్యి మీద చారు ఉందండీ" అని వేదిక వైపు సంజాయిషీ చెప్పుకుని, తన కుర్చీ కూడా తిప్పుకుంది.

మరిది నోట ఇరవయ్యో అంశం ఆగిపోయింది.

"ఏమిటిది? ఏమైంది? ఎవరైనా చెప్పండి!"

ఎవరు చెబుతారు? కార్యక్రమం నడుస్తుండగా మాట్లాడటం మర్యాద కాదు. ఆయన కంగారుగా మైకూ కాగితాలూ వదిలి, వేదిక అంచుదాకా వచ్చి, మెడ చాచి వంగి చూశాడు. ఎటు చూసినా జడలు, బట్టతలలు, కొప్పులు. చెమట పట్టింది. తుడుచుకుందామని కోటు జేబులోంచి చేతిరుమాలు లాగాడు. రుమాలుతో పాటు వేలు దేన్నో నొక్కింది. వెనక మోటారు గుయ్‌మంది. తెర మర్యాదగా, నిదానంగా వచ్చి, ఆయన వీపు వెనక మూసుకుంది. కాగితాలూ మైకూ లోపల, ఆయన బయట.

జనానికి అదేమీ కనబడలేదు, వాళ్ళ వీపులకు కళ్ళు లేవు. కానీ తెరత్తకు చెవులున్నాయి.

"తెర పడింది. లేవండి" అంది.

నూట ఇరవై మంది ఒక్క పెట్టున లేచారు. తలుపు ఎదురుగానే ఉంది, తిరగాల్సిన పని కూడా లేదు. పాటల మాస్టారు అందరికన్నా ముందు మాయమయ్యాడు. వడ్రంగికి పోటు అందింది. పిండి మాత్రం బల్ల దిగి గుమ్మం దగ్గర కనబడిందని రొట్టెల కొట్టావిడ వారం రోజులు చెప్పుకుంది.

మరుసటి రోజు సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. తెచ్చింది పాటల మాస్టారు, సంఘానికి కార్యదర్శి కూడా ఆయనే. ముఖం చూపించలేక గుమ్మం పక్కన నిలబడి చెయ్యి మాత్రం లోపలికి చాపాడు. మూడో తరగతి చదువుతో తెరత్త దాన్ని కూడబలుక్కుని చదివింది. లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పేవరకు కళామందిరంలో అడుగు పెట్టరాదని ఉంది.

"క్షమాపణ అంటే పెద్ద మాట మాస్టారూ. నా నోట్లో పట్టదు. రాయాలంటే మా ఇంట్లో అంత కాగితం లేదు. అదే చెప్పండి."

నోరు అలా దూకింది గానీ, మాస్టారు వెళ్ళాక తలుపు వేసుకుని ఎంతోసేపు మొగుడి కుర్చీ ముందు కూర్చుంది. తాడు పోయినా హాల్లో అందరిలా కుర్చీలో కూర్చునే హక్కు ఉందనుకుంది. ఇప్పుడు అదీ పోయింది. తోటికోడలు గోడ మీంచి పిలిచినా పలకలేదు.

రెండు వారాల తర్వాత ఆదివారం దీపస్తంభం కాపలాదారు కవితా పఠనం. ముందు అధ్యక్షుడి పరిచయ వాక్యాలు అని గోడ మీద కాగితం అంటించారు. మూడు దాటిన కాసేపటికి తెరత్త ఇంటి తలుపు చప్పుడైంది. చూస్తే మరిది. కోటు ఉంది, కళ్ళజోడు ఉంది, ముఖంలో కళ మాత్రం లేదు.

"వదినా, ఒకసారి రావాలి."

"నిషేధం ఉంది కదయ్యా. మూడు సార్లు చదివాను, బాగా రాశారు."

"అది... ఎత్తేశాం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. దారిలో."

ఆవిడ తలుపుకు ఆనుకుని నిలబడింది గానీ లోపలికి రమ్మనలేదు. "ఏమైంది?"

మరిది కళ్ళజోడు తీసి కోటుకు తుడుచుకున్నాడు. "జనం వచ్చారు. అందరూ వచ్చారు. వస్తూనే కుర్చీలు తలుపు వైపు తిప్పుకుని కూర్చున్నారు. నేనింకా నోరు కూడా తెరవలేదు వదినా! ఏమిటని అడిగితే, మీరు కానివ్వండి, మాకు ఇలా వీలుగా ఉంటుంది అంటున్నారు. ఆ కవి గారు ఏడుపు ముఖం పెట్టారు."

"మీ ఆవిడో?"

"అందరికన్నా ముందు తిప్పుకుంది."

తెరత్త పెదవి బిగబట్టింది. నవ్వు కళ్ళలోంచి కారిపోతుంటే కొంగు అడ్డం పెట్టుకుంది. "అయితే నన్నేం చేయమంటావు? వాళ్ళ మెడలు తిప్పమంటావా?"

"మీరొస్తే తిరుగుతారట. వడ్రంగి చెప్పాడు. తెరత్త సందులో ఉంటే మాకు భయం లేదు, ఎప్పుడు లేపాలో ఆవిడకు తెలుసు అన్నాడు." కాస్త ఆగి, "మీట మీకే ఇచ్చేస్తాను" అని జేబులోంచి తీశాడు.

"ఆ అగ్గిపెట్టె నాకొద్దు. దాన్ని పట్టుకుంటే తెర ఎక్కడుందో చేతికి తెలియదు. తాడు కడితే వస్తాను. లేకపోతే వెళ్ళి ఆ వీపులకే చెప్పుకో."

"మరి మోటారు?"

"విప్పి మీ ఇంటి బావికి బిగించుకో. నా తోటికోడలు నీళ్ళు తోడలేక చస్తోంది, అదైనా నీ పేరు చెప్పుకుంటుంది."

తెరత్త లోపలికి వెళ్ళి తాడు చుట్ట తెచ్చింది. ఆవిడ ఎత్తుకోబోతుంటే ఆయనే అందుకుని భుజాన వేసుకున్నాడు. లంగరు తాడు, బరువుంటుంది. బజారు వీధిలో కోటు వేసుకున్న అధ్యక్షుడు తాడు కింద వంగిపోయి నడుస్తుంటే, వెనకాల తెరత్త చేతులు ఊపుకుంటూ నడిచింది. హాల్లో అడుగు పెట్టగానే కుర్చీలన్నీ తలుపు వైపే ఉన్నాయి కనక, ఆ ఊరేగింపు అందరికీ ఎదురుగా కనబడింది. ఎవరూ చెప్పకుండానే ఇనప కాళ్ళు కీచుమంటూ వేదిక వైపు తిరిగాయి. వడ్రంగి నిచ్చెన ఎక్కి మోటారు పక్కకు లాగి, కప్పీలో తాడు దూర్చి కిందికి వదిలాడు. గాలి కాస్త తేమగా ఉంది. తెరత్త ముందు కొంచెం వదిలింది, ఒక్క క్షణం ఆగింది, లాగింది. తెర తెరుచుకుంది. చప్పట్లు లేవు. ఎప్పుడూ జరిగేదానికి ఎవరు కొడతారు?

మరిది మైకు దగ్గరికి వచ్చాడు. ఒక కన్ను జనం మీద, ఒక కన్ను ఎడమపక్క సందు మీద. కాగితాలు తీయలేదు. కవి గారు మన ఊరివారనీ, ఏళ్ళ తరబడి దీపం చూసుకుంటున్నారనీ, మంచివారనీ చెప్పాడు. ఐదు నిమిషాలు కూడా కాలేదు. ఇంక చాలని నోరు మూసుకుని, తెర పడుతుందని పక్కకు చూశాడు.

తెర పడలేదు.

నిలబడ్డాడు. కోటు గుండీ సర్దుకున్నాడు. మళ్ళీ సందు వైపు చూశాడు. తెరత్త తాడు పట్టుకునే ఉంది, లాగడం లేదు. జనం బుద్ధిగా కూర్చుని, కళ్ళార్పకుండా ఆయన్నే చూస్తున్నారు. ఆయన నోరు తెరిచాడు, లోపల ఏమీ దొరక్క మూశాడు.

"వదినా, అయిపోయింది" అన్నాడు పెదవి చివరి నుంచి.

"అప్పుడేనా?" అంది తెరత్త, హాలంతా వినబడేలా. "ఇవాళ భలే చెప్పావయ్యా. కానివ్వు, ఇంకాస్త కానివ్వు."